నేల ఎక్కడుందో చెప్పే ఉద్యోగం

హిందూపురంలో ఈమధ్య కట్టిన ఏ కాంప్లెక్సు ఎక్కినా చివరి మెట్టు మిగతా మెట్ల మాట వినదు. పదిహేడు మెట్లు ఒక ఎత్తు, పద్దెనిమిదోది దాని ఇష్టం. మా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే మెట్లు మరీ అన్యాయం. అక్కడ చివరిది ఒక అంగుళం ఎక్కువ. అందువల్ల ఆయన గదిలోకి నేనెప్పుడూ వేగంగా, ముందుకు వంగి, అవసరానికి మించిన వినయంతో ప్రవేశిస్తుంటాను. కట్టిన మేస్త్రీ ఒకసారి కనబడితే అడిగాను.

"బండ మందం లెక్కలోకి రాలేదు సార్. ఒక్క అంగుళం ఎవురు చూస్తారు?" అన్నాడు.

కన్ను చూడదు, నిజమే. కాలు చూస్తుంది. మొదటి మూడు మెట్లు ఎక్కేసరికి కాలు మిగతా మెట్లన్నిటి ఎత్తూ లెక్కగట్టేసి ఉంటుంది. ఆ లెక్క ఒక్కచోట తప్పితే మనిషి మొత్తం తప్పుతాడు.

నేను చేసిన ఉద్యోగమంతా ఆ ఒక్క అంగుళం గురించే.

ఉద్యోగం ఏమిటంటే

బీఎస్సీ చదివి, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఇళ్ళ ప్లాన్లు గీశాను. తర్వాత కంప్యూటరులో ఇళ్ళు కట్టాను. చివరికి ఎవరూ కాపురం ఉండని ఇళ్ళు కట్టే చోటికి, అంటే బెంగళూరులోని ఒక వీడియో గేముల కంపెనీకి చేరాను. కాపురం హిందూపురంలోనే. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం.

కళ్ళకు కట్టుకునే హెడ్‌సెట్ మీరు చూసే ఉంటారు. మామూలు గేములో బొమ్మ మీ ముందర ఉంటుంది. హెడ్‌సెట్ పెట్టుకుంటే మీరే బొమ్మ లోపల ఉంటారు. తల తిప్పితే ఆ లోకం కూడా తిరుగుతుంది. మిగతావాళ్ళు అందులో రాక్షసుల్నీ కత్తుల్నీ చేసేవాళ్ళు. నా పని వాటికంటే కిందిది. అక్షరాలా కిందిది. ఆడేవాడి కాళ్ళ కింద నేల ఎక్కడుందో, గోడ ఎంత దూరముందో, చెయ్యి చాపితే ఏది అందాలో కొలిచి సరిపెట్టడం. గేములో నేల అసలు నేలకంటే ఒక అంగుళం పైన ఉందనుకోండి, ఆడేవాడు చెప్పలేడు. "ఏమో సార్, ఏదో తేడాగా ఉంది" అని మాత్రం అంటాడు. ఆ ఏదో తేడాను వెతకడానికి నాకు జీతమిచ్చేవాళ్ళు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను ఏ సాఫ్ట్‌వేరు నేర్చుకోవాలని అడుగుతుంటారు. నేను వాడినవేవీ ఇప్పుడు లేవు. కొలిచే టేపు మాత్రం ఇంకా ఉంది. ముందు అది కొనండి.

బకెట్టు

మా ఆఫీసులో అన్నిటికంటే ముఖ్యమైన పనిముట్టు ఒక నీలం బకెట్టు. హెడ్‌సెట్‌లో కన్ను నడుస్తున్నానంటుంది, చెవి లోపలి తూకం కూర్చున్నానంటుంది. ఈ తగువును కడుపు తీర్చబోతుంది. బకెట్టు అందుకు.

మొదట్లో పెనుకొండ కొండలాంటి కొండ ఒకటి చేశాం. కోట గోడలు, గుండురాళ్ళు, పైన గాలి, అన్నీ పెట్టాం. పరీక్షించడానికి పెనుకొండలో డ్రిల్లు మాస్టరుగా చేసే నా క్లాస్‌మేటు వెంకటరెడ్డిని పిలిచాను. ఆ కొండను వాడు వారానికి రెండుసార్లు ఎక్కుతాడు, దిగొచ్చి ఇడ్లీ తింటాడు. వాడికంటే తగిన మనిషి దొరకడనుకున్నాను. వాడు హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడ్డాడు. గేములో కొండ ఎక్కడం మొదలైంది. రెండు నిమిషాలకు బకెట్టు అడిగాడు.

మా బాసు శోభ మేడం బెంగళూరు మనిషి, తెలుగు తడుముకుంటూ మాట్లాడేది. వాడు మొహం కడుక్కుని వచ్చాక అడిగింది. "కొండ ఎలా ఉంది?"

"కొండ బ్రహ్మాండంగా ఉండాది మేడం" అన్నాడు మర్యాదగా.

"ఎక్కడం?"

"నేను యాడ ఎక్కితి? నేను నిలబడే ఉంటి. కొండే నా మీదికి వచ్చె."

ఆ ఒక్క మాటకు మేం మూడు నెలల పని పారేశాం. నడిపించడం మానేసి, ఆడేవాడు తన చేతులతో బండ అంచు పట్టుకుని తనను తాను పైకి లాక్కునేలా చేశాం. చేతులు కష్టపడితే కడుపు ఒప్పుకుంటుంది. వెంకటరెడ్డి రెండోసారి వచ్చి, పైదాకా ఎక్కి, చెమట తుడుచుకుని, ఇడ్లీ అడిగాడు.

శోభ మేడం పుట్టినరోజులు గుర్తుపెట్టుకునే బాసు కాదు. ఆమె మెచ్చుకోలు నాకు మొత్తం సర్వీసులో రెండుసార్లు దక్కింది. అందులో ఒకటి నాది కాదని తర్వాత తెలిసింది. కానీ ఒక్క సూత్రం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పరీక్ష రిపోర్టులో మనిషి అన్నది రాయకూడదు, చేసింది రాయాలి. "నోరు మర్యాద కోసం అబద్ధం చెప్తుంది. మోకాలు చెప్పదు" అనేది. వెంకటరెడ్డి రిపోర్టులో 'బ్రహ్మాండం' కొట్టేసి 'వాంతి' అని రాయించింది.

చౌడప్ప ఇంట్లో

తర్వాత చేతిపనుల గేము ఒకటి వచ్చింది. యుద్ధాలు ఉండవు. ఆడేవాడు కుమ్మరి చక్రం దగ్గరో, మగ్గం దగ్గరో కూర్చుని పని నేర్చుకోవాలి. మగ్గం అనగానే అందరూ నా వైపు చూశారు. హిందూపురానికి ధర్మవరం పక్కనే అని వాళ్ళ నమ్మకం.

ధర్మవరంలో చౌడప్ప ఇంటికి వెళ్ళాను. నలభై ఏళ్ళుగా పట్టుచీరలు నేస్తున్న మనిషి. ఇంట్లో ముందు గదినిండా మగ్గం. నేలలో గుంత. గుంత అంచున, నేల మీద కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. దారం చుట్టిన నాడె ఈ చేతినుంచి ఆ చేతికి ఉరుకుతుంటుంది. నేను పోయేసరికి చౌడప్ప అందులోనే ఉన్నాడు. ఉండకూడదు.

"చూస్తివా సారూ" అంది ఆయన భార్య నాగమ్మ వంటింటి వాకిట్లోనుంచి. "గుంతలో కూచుంటే మోకాళ్ళు ఇంగ పనికి రావని డాక్టరు చెప్పె. లేసేటప్పుడు గోడలు అదిరేట్టు అరుస్తాడు. నేను బజారుకు పోయి వచ్చేలోపల మల్ల దిగి ఉంటాడు. ఈ గుంత పూడ్చి బండలు పరిపిస్తానని మూడేండ్లుగా మొత్తుకుంటాండా."

"పూడ్చినాక నేనేం చేయల్ల? బండలు లెక్కబెట్టల్లనా?" అన్నాడు చౌడప్ప, నాడె ఆపకుండా.

నేను వచ్చిన పని చెప్పాను. హెడ్‌సెట్ పెట్టుకుంటే బల్ల మీద కూర్చునే నేయొచ్చు, మోకాళ్ళకు బాధ ఉండదు అన్నాను. ఇది నన్నెవరూ చెప్పమనలేదు. వచ్చింది కొలతలకు. మొగుడూ పెళ్ళాల మధ్య మూడేళ్ళ తగువు చూసి నోరు ఊరుకోలేదు.

చౌడప్ప నాడె ఆపాడు. "నిజంగా నేసినట్టే ఉంటాదా?"

"మీకే తేడా తెలీదు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "సరే. ఈ సారు పెట్టెలో నాకు నేసినట్టుంటే నీ గుంత నువ్వు పూడ్చుకో. లేకుంటే ఇంగ ఆ మాట ఎత్తగూడదు."

"సారు సాక్షి" అంది నాగమ్మ వెంటనే.

ఈ విధంగా నా టేపు ఒక సంసారంలో వేలు పెట్టింది.

రెండు రోజులు కొలిచాను. గుంత లోతు, చెక్కల మధ్య ఎడం, ఆయన మోచెయ్యి ఎత్తు, అన్నీ. శబ్దాలు రికార్డు చేయడానికి మా ఆఫీసునుంచి ప్రియ అనే అమ్మాయి వచ్చింది. ఆ ఇంట్లో నాకు ముందు అర్థం కాని పద్ధతి ఒకటుంది. మగ్గం ఆడినంతసేపూ నాగమ్మ వంటింట్లో తన పని చేసుకుంటుంది. ఆ శబ్దం ఆగిందంటే, తల తిప్పకుండానే "ఏమాయె?" అంటుంది. ఆయన "పోగు తెగింది" అనో, "ఏం లేదులే" అనో అంటాడు. మళ్ళీ శబ్దం. పొద్దుటినుంచి సాయంత్రానికి ఇద్దరూ మాట్లాడుకునేది ఎక్కువగా ఇదే. రికార్డింగులో ఆమె గొంతు పడిందని ప్రియ విసుక్కుంది. "కోసేస్తా సార్" అంది.

"ఉండనీ" అన్నాను. ఆ మాట తర్వాత చెబుతాను.

ఇంకొకటి. గుంతకు కుడిపక్క, ఎడమపక్క, నేల మీద రెండుచోట్ల అరచెయ్యంత మేర నున్నగా అరిగి ఉంది, అద్దంలా. చూడముచ్చటగా ఉందని ఫోటో తీశాను. గేములో కూడా అచ్చంగా పెట్టించాను. ఎందుకు అరిగిందని మాత్రం అడగలేదు. కొలిచేవాడికి ఒక జబ్బు ఉంటుంది. కొలత దొరికితే కారణం కూడా దొరికిందనుకుంటాడు.

లేని నేల మీద

కొన్ని నెలలకు గేము తయారైంది. చౌడప్ప ఇంట్లోనే, మగ్గం పక్క మిగిలిన చోట, ఒక బల్ల వేశాం. ఏర్పాటు ఇదీ. ఆయన బల్ల మీద కూర్చుంటాడు. హెడ్‌సెట్‌లో మాత్రం ఆ బల్ల ఎత్తునే ఇంటి నేల కనిపిస్తుంది. కాళ్ళు ఆనిన అసలు నేల గుంత అడుగుగా కనిపిస్తుంది. పాదాల కింద నిజంగానే రెండు చెక్కలు పెట్టాం. చేతుల్ని హెడ్‌సెట్‌కున్న కెమెరాలే కనిపెడతాయి.

ఆయన మొదట తల అటూ ఇటూ తిప్పాడు. గోడ చూశాడు. "ఈ సున్నం మాదే" అన్నాడు. తర్వాత చేతులు కదిలాయి. ఉత్త గాలిలో నాడె ఆడిస్తున్నాడు, కాళ్ళు తొక్కుతున్నాయి. పది నిమిషాలకు మనిషి మారిపోయాడు. భుజాలు దిగాయి, ఊపిరి నాడెతో కలిసింది. ప్రియ వీడియో తీస్తోంది. నేను రిపోర్టులో 'సంపూర్ణంగా లీనమయ్యాడు' అని రాసుకున్నాను.

అప్పుడు నాగమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి ఆయన భుజం తట్టి "కాపీ తెచ్చినా, లెయ్యి" అంది.

ఆయన లేచాడు. నలభై ఏళ్ళుగా ఎట్లా లేస్తున్నాడో అట్లాగే లేచాడు. రెండు అరచేతులూ చెరోపక్క నేల మీద, నున్నగా అరిగిన ఆ రెండుచోట్ల ఆనించి, బరువంతా చేతుల మీద వేసి, శరీరాన్ని గుంతలోనుంచి పైకి ఎత్తబోయాడు. హెడ్‌సెట్‌లో ఆ నేల ఉంది. గదిలో లేదు. బల్లకు రెండు పక్కలా గాలి.

పడ్డాడు. కుడి మణికట్టు ఒంటి కింద పడింది.

కట్టు కట్టించి ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చాక నాగమ్మ నాతో పెద్దగా ఏమీ అనలేదు. "కాళ్ళు పోయినాయంటే చెయ్యి కూడా తీసుకుంటివి కదప్పా" అంది అంతే. చౌడప్ప నన్ను ఓదార్చాడు, అది ఇంకా కష్టంగా ఉండింది. "నీ తప్పేముండాది సారూ. నేల కనబడె, చెయ్యి పెడితి."

బెంగళూరులో ఆ వీడియో చూసిన కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. మనిషి ఇంతగా నమ్మిన గేము ఇంకోటి లేదన్నారు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఒక్క క్షణం నాకూ అట్లాగే అనిపించింది. శోభ మేడం చప్పట్లు కొట్టలేదు. నా రిపోర్టు తీసుకుని, 'సంపూర్ణంగా లీనమయ్యాడు' అన్నది కొట్టేసింది. "మనిషి పడ్డాడు, అని రాయి" అంది.

రాశాను. పిల్లలకు నేను చెప్పగలిగిన పెద్ద పాఠం ఇదే. ఎదుటివాడు నమ్మకపోతే మీ పని చెడింది, అంతే. నమ్మితే అక్కడినుంచి వాడి ఎముకలు మీ పూచీ. నమ్మించడం గొప్ప అని కాలేజీల్లో చెబుతారు. వాడు నమ్మి బరువు వేసే ప్రతి చోటా కింద ఏదో ఒకటి పెట్టే బాధ్యత గురించి చెప్పగా నేను వినలేదు.

రెండోసారి

బల్లకు రెండు పక్కలా, బల్ల ఎత్తునే, గట్టి చెక్కలు బిగించాను. గేములో నున్నని చోట్లు ఎక్కడ కనిపిస్తాయో సరిగ్గా అక్కడ అరచేతికి చెక్క తగలాలి. హిందూపురంలో వడ్రంగి దగ్గర కూర్చుని చేయించాను. ఒక అంగుళం అటూ ఇటూ అయినా పరవాలేదు కదా అన్నాడు. మళ్ళీ చేయించాను.

చౌడప్ప చెయ్యి కుదిరాక ఒక ఉదయం ఇవన్నీ ఆటోలో వేసుకుని ధర్మవరం వెళ్ళాను. ఆ ఇంటి ముందర ఇసుక, కంకర, కడప బండలు దించి ఉన్నాయి. అరుగు మీద మేస్త్రీ కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఈ పొద్దు తేలిపోవల్ల" అంది నాగమ్మ. "నేసినట్టుంది అంటే మధ్యాన్నానికి మగ్గం విప్పేది, గుంత పూడ్చేది. ఆయప్ప మాటిచ్చినాడు."

"ఇచ్చినా" అన్నాడు చౌడప్ప. బల్ల మీద కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. ఈసారి నేయడానికి ముందే రెండు చేతులూ పక్కలకు ఆనించి, మెల్లగా బరువు వేసి, లేచి చూశాడు.

"నేలుండాది" అన్నాడు. నా సర్వీసు మొత్తంలో ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు.

మళ్ళీ కూర్చుని నేయడం మొదలుపెట్టాడు. హెడ్‌సెట్ చెవులదాకా కప్పేస్తుంది కాబట్టి మగ్గం శబ్దమంతా ఆయనకే. గదిలో నాకు వినిపించింది ఫ్యాను తిరగడం, చెక్కలు కాళ్ళ కింద కిర్రుమనడం, అంతే. ఆయన ముఖంలో బాధ లేదు. పావుగంట అయింది. మోకాళ్ళు నొచ్చిన గుర్తు ఒక్కటి లేదు. నేను రాసుకుంటున్నాను. చేతులు తడబడలేదు, కాళ్ళు ఆగలేదు.

తర్వాత చేతులు ఆగాయి. ఆయన కొంచెం తల వంచి, వంటింటి వైపు గొంతు పెంచి అన్నాడు. "పోగు తెగిందిలే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాగమ్మ తడిచేతులతో వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"నేనేమీ అడగలేదే" అంది.

నేను వివరించాను. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె గొంతు మా రికార్డులో పడిందని, ఆటలో మగ్గం ఆగినప్పుడల్లా ఆ గొంతే "ఏమాయె?" అని అడుగుతుందని, ప్రియ తీసేస్తానంటే నేనే ఉంచమన్నానని. చెప్పేటప్పుడు నా గొంతులో కొంత గర్వం ఉన్నట్టు గుర్తు. గుంత, గోడ, సున్నం అన్నీ పెట్టినా ఆ ఒక్క మాట లేకుంటే అది ఆయన ఇల్లు కాదని నేను కనిపెట్టానని నా ఉద్దేశం.

చౌడప్ప మళ్ళీ నేశాడు. మళ్ళీ ఆగాడు. "ఏం లేదు, నీ పని కానీ" అన్నాడు, చిన్నగా నవ్వి. నాగమ్మ ఆయన నవ్వు వైపు చూసింది.

"కాపీ తాగుతావా?" అని అడిగింది.

ఆయన చేతులు ఆడుతూనే ఉన్నాయి.

"నిన్నే. కాపీ తాగుతావా?"

ఆయనకు వినబడలేదు. నేను ఆయన భుజం తట్టబోతే ఆమె వద్దని చెయ్యి ఎత్తింది. కొంగుకు చేతులు తుడుచుకుని, విప్పబోయే మగ్గం పక్కగా వచ్చి, గుంత అంచున నిలబడింది. అరుగు మీదినుంచి మేస్త్రీ పిలిచాడు. "అమ్మా, ఇసుక ఎత్తేదా?"

నా చేతిలో రిపోర్టు కాగితం ఉంది. చేసింది మాత్రమే రాయాలి కాబట్టి, లేచాడు, పడలేదు, నేశాడు అని రాశాను. ఇంకేం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని ఉన్నాను.

"సారూ" అంది నాగమ్మ, ఆయన మీదినుంచి కళ్ళు తిప్పకుండా. "గుంతలో కూచున్నన్నాళ్ళూ ఆయప్ప ఈ ఇంట్లోనే ఉండె. ఇప్పుడు యాడుండాడు?"